నీడకి అలవాటైన పని

బాపట్లలో ఆడపిల్లల హాస్టలు వార్డెను మాణిక్యాంబ రోజూ అయిదింటికల్లా లేచి గేటు తాళం, పాల క్యాను, సరుకుల గది వరసగా చూసుకునేది. పందొమ్మిదొందల అరవై ఏడులో ఆ వరసలోకి ఇంకొకటి చేరింది: కొత్త వంటమనిషి రిబ్కా చేతిసంచి. రిబ్కా పొయ్యి రాజేస్తుంటే, వసారాలో మేకుకి తగిలించిన ఆ సంచిని మాణిక్యాంబ చప్పుడు కాకుండా తడిమేది. చింతపండు గానీ చక్కెర గానీ ఏనాడూ దొరకలేదు. పాత బైబిలు, దువ్వెన, కాసిని వక్కలు, అంతే. దొరక్కపోయేకొద్దీ అనుమానం బలిసింది. 'ఇంత జాగ్రత్తగా ఉందంటే ఎంత ఆరితేరిందో!'

ఏ పనైనా మూడు నెలలు విడవకుండా చేస్తే ఆ ఊళ్ళో నీడకి అలవాటైపోయేది. మనిషి కదలకపోయినా నీడే వెళ్ళి చేసొచ్చేది. రిటైరైన పోస్టుమాను వెంకటప్పయ్య పడక్కుర్చీలో కునుకు తీస్తుంటే, ఆయన నీడ బజారంతా తిరిగొచ్చేది. ఎదురైనవాళ్ళు దారిచ్చేవారు.

ఒక ఆదివారం ఝాన్సీలక్ష్మి చేతిగడియారం కనబడలేదు. పిట్టలవానిపాలెం నుంచి చదువుకోడానికొచ్చిన పిల్ల, ఏడుపందుకుంది. మాణిక్యాంబ పిల్లలందర్నీ వసారాలో నిలబెట్టి రిబ్కాని పిలిచింది.

"మర్యాదగా ఇచ్చెయ్. లేదంటే ఇవాళే బయల్దేరు."

"నేను తియ్యలేదండి అమ్మగారూ. కావాలంటే నా సంచి చూసుకోండి."

"నీ సంచి ముట్టుకోడానికి నాకేం ఖర్మ?"

ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే, ఆవిడ కాళ్ళ దగ్గరున్న నీడ సాగి గోడెక్కింది. తిన్నగా మేకు దగ్గరికెళ్ళి, సంచి నీడ మూతి విప్పి, అడుగుదాకా చెయ్యి పెట్టి, దువ్వెన జరిపి, బైబిలు తిరగేసి, ముడి ఎలా ఉందో అలాగే వేసి తిరిగొచ్చింది. ఎక్కడా తడబడలేదు.

ఝాన్సీ ఏడుపాపి, "మా పెట్టెలు కూడా ఇలాగే చూస్తారాండీ?" అంది. అందరి చూపులూ ఒక్కసారిగా వార్డెను చేతుల మీద పడ్డాయి. మాణిక్యాంబ చేతులు వెనక్కి పెట్టుకుంది.

రిబ్కా కొంగుతో చేతులు తుడుచుకుంది. "అమ్మగారు వెతుకుతారే గానీ తియ్యరమ్మా. వచ్చిన కాణ్ణించి చూస్తన్నాగా, ఒక్క వక్క కూడా తగ్గలేదు. పదండి, పరుపులు దులిపి చూద్దాం."

గడియారం ఝాన్సీ దిండు గలీబులోనే దొరికింది.

మర్నాడు తెల్లారగట్ల, లాంతరు వెలుగులో మాణిక్యాంబ నీడ మామూలుగానే మేకు వైపు నడిచింది. మాణిక్యాంబ మాత్రం వంటింట్లోకెళ్ళి, రిబ్కా పక్కన పీట వాల్చుకుని, బియ్యం చేట ముందుకి లాక్కుంది.

"రాళ్ళు నేనేరుకుంటానండి. మీకెందుకూ?"

"ఉండనీ. అలవాటు చేసుకోవాలి."

నీడ వినలేదు. ఇరవై రోజులైనా, నెల దాటినా సంచి దగ్గరికే వెళ్ళేది. గోడ మీద అది ముడి విప్పుతుంటే ఆవిడ సిగ్గుతో తలొంచుకుని రాళ్ళేరుతూనే ఉండేది.

నాలుగో నెల్లో ఒకరోజు మాణిక్యాంబకి జ్వరమొచ్చి లేవలేకపోయింది. అయిదింటికి వంటింట్లోంచి రిబ్కా గొంతు వినబడింది.

"ఇవాళన్నా పడుకోకూడదండీ? సరేలెండి, వచ్చారుగా... ఆ చేట ఇలా జరపండి."