ఆ వారంలో ఒక గంట

ఇంటింటికీ తిరిగి ఎవరికి పని ఉందో, ఎవరికి లేదో రాసుకునే ఉద్యోగం ఆవిడది. ఉద్యోగం అని నోరు జారాను. ఉపాధి పరిశోధనా సంస్థ కాగితాల ప్రకారం ఆవిడ "స్వయం ఉపాధి పొందుతున్న క్షేత్ర భాగస్వామి". సెలవు లేదు, పింఛను లేదు, ఎండకి పట్టుకునే గొడుగు కూడా సొంతదే. పేటలో అందరూ సర్వేయమ్మ అనేవారు.

ఏడేళ్ళుగా ఆవిడ అడిగే అసలు ప్రశ్న ఒక్కటే. "గత వారంలో ఒక గంటైనా పని చేశారా?" చేశానంటే చాలు, ఆ మనిషికి పని ఉన్నట్టే లెక్క. మిగతా వారమంతా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నా సంస్థకి అనవసరం. ఈ నిబంధన ఏ మహానుభావుడి బుర్రలో పుట్టిందో గానీ, ఆయనకి జన్మలో ఎప్పుడూ పని పోయి ఉండదు.

ఆ ఏడాది దారం మిల్లు మూతపడింది. ఆవిడ అన్నయ్య అందులో ఇరవై రెండేళ్ళు ఫిట్టరు. పని పోయినవాళ్ళకి ప్రభుత్వం భృతి ఇస్తూ, లిఫ్టులు బాగుచేసే పని నేర్పిస్తోంది. అన్నయ్య పేరు రెండో బ్యాచిలో ఉంది. ఆ శిక్షణ మీదే ఆయన ఆశలన్నీ. అయితే పేటలో నిరుద్యోగం తగ్గిందని సర్వేలో తేలితే భృతీ ఆగిపోతుంది, శిక్షణా ఆగిపోతుంది.

సర్వేకి ఇళ్ళని చీటీ తీసినట్టు ఎంచుతారు. ఈసారి అన్నయ్య ఇల్లు వచ్చింది. బంధువుల ఇల్లయితే వేరేవాళ్ళని పంపమని చెప్పాలి. ఆవిడ చెప్పలేదు. వేరేవాళ్ళయితే అన్నయ్య బింకం చూసి ఏం రాసి పోతారో, నేనైతే ఉన్నది ఉన్నట్టు రాస్తాను కదా అనుకుంది.

వెళ్ళేసరికి ముందు గదిలో అన్నయ్య ఒక టేబుల్ ఫ్యాన్ విప్పుకుని కూర్చున్నాడు. ఎదురుగా కుర్చీలో మిల్లులో ఆయన దగ్గర హెల్పరుగా చేసినవాడు. వాడికి అప్పుడే ఇంకో ఫ్యాక్టరీలో పని దొరికింది. ఫ్యాన్ వాడిదే. మెడలో కొత్త గుర్తింపు కార్డు, ఇంట్లో ఉన్నా తియ్యడు కాబోలు.

"అన్నయ్యా, గత వారంలో ఒక గంటైనా పని చేశావా?" అని అడిగి, లేదని చెప్పమని కళ్ళతో సైగ చేసింది.

అన్నయ్య ఆ సైగ చూశాడు. వాడి మెడలో కార్డు కూడా చూశాడు.

"ఒక గంటేమిటే, రోజంతా చేస్తూనే ఉన్నా. సొంత షాపు పెట్టుకున్నాగా. ఊపిరి సలపడం లేదనుకో."

"కాస్త ఆలోచించి చెప్పు."

"ఆలోచించేదేముంది? కళ్ళెదురుగా ఫ్యాన్ కనబడ్డం లేదూ? రాసుకో."

"మా అన్న ఖాళీగా ఎందుకుంటాడక్కా!" అన్నాడు హెల్పరు పళ్ళికిలిస్తూ.

వంటింటి గుమ్మంలోంచి వదిన నోరు తెరవబోయి, మొగుడి మొహం చూసి లోపలికి పోయింది. సర్వేయమ్మకి ఒళ్ళు మండిపోయింది. అయినా టాబ్లెట్ మీద "స్వయం ఉపాధి" అన్నచోట నొక్కింది.

అన్నయ్య మెట్ల దాకా వెంటబడి వచ్చాడు. "ఆ జవాబు మార్చెయ్యవే తల్లీ. వాడి ముందు ఎలా చెప్పమంటావు? స్పానర్ పట్టుకోవడం నా దగ్గరే నేర్చుకున్నాడు వాడు."

"మరి ఆ షాపు?"

"షాపా, నా మొహమా! నెల మొత్తానికి ఆ ఫ్యాన్ ఒక్కటే. అదీ ఊరికే."

"మారుస్తాలే, నువ్వు లోపలికెళ్ళు."

వీధి మలుపులో నిలబడి టాబ్లెట్ తీసింది. మార్చడం చిటికెలో పని. కానీ జవాబు మారిన ఇంటిని ఆ యంత్రం గుర్తుపెట్టుకుంటుంది. తనిఖీకి మనిషిని పంపుతారు. వచ్చినవాడు ఇది సొంత అన్నయ్య ఇల్లని తేలిస్తే ఆవిడ పని ఊడినట్టే. ఒక్క ఇంటితో కొంప మునుగుతుందా అని తనకి తనే సర్దిచెప్పుకుని, ఉన్నది ఉన్నట్టే పంపించేసింది.

మునిగింది. పేటలో సగం మంది మగాళ్ళు అన్నయ్యలాగే మీసం దువ్వారు మరి. మిల్లు పోయినా ప్రజలు సొంత కాళ్ళ మీద నిలబడ్డారని సంస్థ డైరెక్టరు గారు సభపెట్టి మరీ మురిసిపోయారు. భృతి ఆగింది. రెండో బ్యాచి రద్దయింది. సమస్య తీరిపోయింది కాబట్టి సర్వే కూడా తగ్గించి, సర్వేయమ్మ ఒప్పందాన్ని పొడిగించలేదు.

"నువ్వు మాత్రం ఏం చేస్తావే? నాది మార్చావు కదా. మిగతా వెధవలే బడాయికి పోయారు" అని అన్నయ్యే ఆవిణ్ణి ఓదార్చాడు. ఆవిడ లేచి ఆయనకి కాఫీ పెట్టింది.

ఆర్నెల్ల తర్వాత చీటీ ఆవిడ ఇంటికే తగిలింది. వచ్చినావిడకి ఈ పని నేర్పింది సర్వేయమ్మే. అన్నయ్య ఆ సమయానికి అక్కడే ఉన్నాడు.

"గత వారంలో ఒక గంటైనా పని చేశారా అక్కా?"

"లేదమ్మా. నాకు పని లేదు. అలాగే రాసుకో."

"ఎందుకు లేదూ?" అన్నయ్య గబుక్కున అందుకున్నాడు. పరాయి మనిషి ముందు చెల్లెలు తలదించుకోవడం ఆయన చూడలేడు, అందుకే లేని షాపు మళ్ళీ తెరిచాడు. "నా షాపులో రోజూ సాయం చేస్తుంది. అది లేకపోతే నాకు చెయ్యి ఆడదు."

వచ్చినావిడ వేలు టాబ్లెట్ మీద పడింది. తర్వాత సర్వేయమ్మ మొహం చూసి, "మార్చమంటారా?" అంది భయంభయంగా.

మారిస్తే తనిఖీ వచ్చి వచ్చినావిడ పనికే ఎసరు పెడుతుందని సర్వేయమ్మకి తెలుసు. "వద్దమ్మా, పంపించెయ్" అంది.

వచ్చినావిడ వెళ్ళిపోయాక సర్వేయమ్మ తలుపు దగ్గరికి వేసింది. ఇంక దాచుకోలేకపోయింది.

"అన్నయ్యా, ఆ రోజు నీది కూడా నేను మార్చలేదు. నా పని పోతుందని భయపడ్డాను."

అన్నయ్య లేచి చెప్పులేసుకున్నాడు.

"రేపట్నుంచి షాపుకి రాకు" అన్నాడు.