తిరిగొచ్చిన కత్తిచేపలు

ఇటలీకి పంపిన కత్తిచేపలు, పాదరసం ఎక్కువుందని మా రేవుకే తిరిగొచ్చేసరికి నేను కడుపుతో ఉన్నాను. మా ఆడపడుచు నెజీబా రేవులో పశువైద్యాధికారి. ఎగుమతి సరుకు పరీక్షించేది ఆమే. ఆ చేపలున్న ఐసు గిడ్డంగికి సీలు వేసి, మొత్తం పూడ్చిపెట్టాలని రాజధాని ట్యూనిస్‌లో పైవాళ్లకి చెప్పింది.

అక్కణ్ణుంచి ఒక పెద్దాఫీసరు వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడట. పాదరసం ఇంతకు మించకూడదన్న ఆ లెక్క అవతలి దేశాలవాళ్లది, మనవాళ్లు ఎప్పుడో ఓసారి తింటే ఏమవుతుంది, ఇంత చేప మట్టిపాలు చేస్తామా అన్నాడట. నెజీబా వాదించిందంతా విని, చివరికి సీలు తీయించేశాడు. మర్నాడు బజార్లో కత్తిచేప, సార్డీన్లనే చిన్నచేపల ధరకి దొరికింది. మా వీధి వీధంతా హరిస్సా కారం పట్టించి కాల్చుకు తిన్నారు.

నెజీబా బజారుకెళ్లి గర్భిణులను, చంటిపిల్లల తల్లులను ఆపి వద్దని చెప్పసాగింది. బేరాలు చెడగొడుతున్నావని చేపలమ్మేవాళ్లు తిట్టారు. ఒకామె ముక్క కోసి ముఖం ముందు పెట్టి, "ఏదమ్మా నీ విషం, చూపించు" అంది. ఏం చూపిస్తుంది? దానికి రంగు లేదు, వాసన లేదు, ఉడికిస్తే పోదు.

నెజీబా అక్కణ్ణుంచి నేరుగా మా ఇంటికొచ్చింది. మా ఆయన షెడ్లీ వేటాడేదీ ఆ చేపనే.

"అన్నయ్యా, వదినకి మాత్రం పెట్టకు. ఆ పాదరసం కడుపులో బిడ్డ మెదడుకి తగులుతుంది" అంది.

"చిన్నప్పట్నుంచీ నువ్వూ తిన్నావుగా. నీ నోరేమన్నా పడిపోయిందా?" అని నవ్వించబోయాడు. ఆమె నవ్వలేదు.

నేనడిగాను. "ఇకమీదట తినను, సరే. ఇన్నాళ్లూ తిన్నదో?"

"నెలలు గడిచేకొద్దీ ఒంట్లోంచి తగ్గుతుంది వదినా."

"అప్పటికి బిడ్డ పుట్టేస్తుందిగా."

నెజీబా కత్తెర తెమ్మంది.

ఒంట్లో పాదరసం ఎంతుందో జుట్టులో తెలుస్తుందట. నా జుట్టు కాస్త కత్తిరించి రాజధానికి పరీక్షకు పంపింది. ఉండాల్సినదానికన్నా ఎక్కువే ఉందని తేలింది. మందు లేదు, పుట్టాక చూద్దామన్నాడు డాక్టరు. ఈలోగా నెజీబాను గొర్రెలకు టీకాలేసే పనిమీద ఎక్కడో లోపలి ఊరికి మార్చేశారు.

షెడ్లీ కొన్నాళ్లు సార్డీన్లకు వెళ్లాడు. మా పడవ, మా గాలాలు అన్నీ పెద్ద చేపకు కుదిర్చినవి. నెల తిరక్కుండా మళ్లీ కత్తిచేపకే పోయాడు. ఇంటికి తేవడం మానేశాడు గానీ, అమ్మడం మానలేకపోయాడు.

పాప పుట్టింది. ఇబ్తిహాల్ అని పెట్టుకున్నాం. ఏడాది దాటినా ఆసరా లేకుండా కూర్చోలేదు. పిలిస్తే ఒకసారి చూస్తుంది, ఒకసారి చూడదు. ఆ చేప వల్లేనా అని డాక్టర్ని అడిగాను. కావచ్చు, కాకపోవచ్చు, చెప్పలేమన్నాడు. పిల్లలందరూ ఒకలా ఉంటారా అంటుంది మా అత్త.

నిన్న పక్కింటి కోడలు మా వాకిట్లో కూర్చుని రొట్టెలో కత్తిచేప ముక్క పెట్టుకు తింటోంది. తనకీ నెలలు నిండుతున్నాయి. నాకు తెలిసిందంతా చెప్పాను.

"అలాగే అక్కా" అంది, నములుతూనే.

వాళ్లాయన పనిచేసేది మా పడవమీదే.