తిమ్మమ్మ బొంద మీది తిప్పతీగ

మా అత్త తిమ్మమ్మ పోయేదాకా నా చేతి ముద్ద ముట్టలేదు. అంత పంతం మనిషి. కరువొచ్చి ఖిల్లా ఘణపూర్ చుట్టుపక్కల జనమంతా కూలికి తీసుకుపోయే మేస్త్రీల లారీలెక్కి బొంబాయి పోతుంటే, మనమూ పోదామని నేనే నోరు జారాను. అంతే, నా మీదికి చెంబు విసిరింది.

“నేను లారీ ఎక్క! సచ్చినా ఈ జాగ ఇడ్సి రాను. పోతే నువ్వు పోవే!”

ఆ రోజు నుంచి కొడుకు కలిపి పెడితేనే తినేది. నేను గిన్నె పట్టుకొని వెళ్తే తల గోడవైపు తిప్పేసుకునేది. పోయాక చేనుగట్టు మీదే బొంద పెట్టాం.

ఆ గట్టు పక్కనే మా ఆయన మాసయ్య కోళ్ల షెడ్డు వేశాడు. బ్రాయిలర్ పిల్లలు, దాణా కంపెనీవి, చాకిరీ మాది. మొదటి బ్యాచ్ సగం చచ్చింది. రెండోదానికీ పారుడు పట్టుకుంది. కింద పరిచిన వరిపొట్టు తడిసి ముద్దయింది. కోళ్లు రెక్కలు వేలాడేసుకొని మూలల్లో కునుకుతున్నాయి. కంపెనీ సూపర్‌వైజర్ నిరంజన్ వచ్చి చూసి తల పట్టుకున్నాడు.

“ఈ బ్యాచ్ గిట్ల పోయిందంటే కంపెనీ మీకింక పిల్లలనియ్యదు వదినా. షెడ్డు బందే.”

షెడ్డు బందైతే మాకు మిగిలేది మళ్లీ ఆ లారీయే. బొంబాయిలో తట్టలు మోయడమే.

“నీళ్లల్ల మందు పోస్తనే ఉంటిమి గద సారూ,” అన్నాడు మాసయ్య.

“గా మందులు పని చేస్తలేవన్నా. తిప్పతీగ, నేలవేము, జర పసుపు నూరి దాణల కలుపున్రి. కడుపు కుదురుకుంటది, తిన్నది ఒంటికి పడ్తది.”

నేలవేము వనపర్తి బజారులో దొరికింది. తిప్పతీగే దొరకలేదు. ఆ ఎండలకు కంచెల మీది తీగలన్నీ తాళ్లలా ఎండిపోయాయి. పచ్చగా ఉన్నది ఒక్కచోటే, అత్త బొంద మీద. అక్కడ చుక్క నీళ్లు పోసినవాళ్లు లేరు. అయినా వేలంత లావు తీగ, మిసమిసలాడే ఆకు. బొంద మీద మొలిచినదాన్ని మా వైపు కోయరు, మేకను కూడా మేయనివ్వరు. ఆ సంగతి నాకు తెలియదా? తెలుసు. తినేది కోళ్లే కదా, మనుషులా ఏమన్నా అనుకున్నాను. మాసయ్యకు చెప్పలేదు. మిట్టమధ్యాహ్నం కొడవలి పెట్టి కోస్తుంటే తీగ చల్లగా తగిలింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. చాల్లే సంబడం అని నన్ను నేనే తిట్టుకొని గంపకెత్తాను. ఇంటికి తెచ్చి నూరి దాణాలో కలిపాను.

పారుడు కట్టింది. పొట్టు ఆరింది. కోళ్లు ఒళ్లు చేశాయి. మాసయ్య మొహం వెలిగిపోయింది.

కానీ షెడ్డులో గోల ఆగిపోయింది. అన్ని కోళ్లున్నచోట చెవులు చిల్లులు పడాలి. లోపలికి వెళ్తే నా ఊపిరే నాకు వినిపించేది. మాసయ్య దాణా పోస్తే ఎగబడి తినేవి. నేను పోస్తే ఒక్కటంటే ఒక్కటి ముట్టేది కాదు. అన్నీ ఒక్కసారే తలలు గోడవైపు తిప్పేసుకునేవి.

ఆ తిప్పడం నాకు తెలుసు.

కోళ్లను ఎత్తుకుపోయే కంపెనీ లారీ వచ్చే రోజులు దగ్గరపడ్డాయి. సరిగ్గా అప్పుడే మాసయ్య జ్వరంతో వనపర్తి దవాఖానలో పడ్డాడు. పొద్దున నేను పోసిన దాణా సాయంత్రానికీ అట్లాగే ఉంది. మర్నాడూ అంతే. కళ్లముందే బరువు తగ్గిపోతున్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది.

“ఇంకెన్ని దినాలు సాధిస్తవ్ అత్తమ్మా?” గోడవైపు తిరిగిన ఆ తెల్లటి వీపులను చూసి అరిచాను. “నీ కొడుకు దవాఖానల పడ్డడు! నీ మీద కోపంతోని అన్ననా నేను బొంబాయి పోదామని? ఆకలికి అన్న! ఇప్పుడు ఈ జాగ ఇడ్వొద్దనే గద గింత చాకిరి చేస్తున్న! నా చేతితోని ఒక్కసారన్న తినరాదా!”

ఏడుపు ఆగలేదు. దోసిట్లో దాణా పట్టుకొని కూలబడ్డాను.

ముందు ఒక్కటి తల తిప్పింది. తర్వాత అన్నీ తిప్పాయి. ఒక కోడి మెల్లగా నడిచొచ్చి నా దోసిట్లో ముక్కు పెట్టింది. తిన్నది. మిగతావీ వచ్చాయి. అంత సంతోషం నాకెన్నడూ కాలేదు. అంత భయమూ కాలేదు.

లారీ వచ్చేనాటికి మాసయ్య లేచి తిరుగుతున్నాడు. కూలీలు కోళ్లను కాళ్లు పట్టి ఎత్తి పెట్టెల్లో వేస్తున్నారు. ఒక్కటీ అరవలేదు, కొట్టుకోలేదు. తలకిందులుగా వేలాడుతూ నన్నే చూశాయి.

“మంచి బరువొచ్చినయి వదినా! ఇంక మీకు పిల్లలు ఆగవు,” అన్నాడు నిరంజన్.

“బతికినం సరోజా. ఇగ బొంబాయి మాట లేదు. మా అమ్మ ఉంటే ఎంత సంబరపడేదో!” అన్నాడు మాసయ్య.

లారీ కదిలింది. అప్పుడు అరిచాయి. పెట్టెల సందుల్లోంచి మెడలన్నీ బయటికి సాచి, గట్టువైపు తిరిగి, అన్నీ ఒక్క గొంతుతో అరిచాయి. ఆ గొంతు నాకు తెలియకపోతుందా?

“ఆపున్రి! మా అత్తమ్మ లారీ ఎక్కదు! ఆపున్రయ్యా!”

దుమ్ములో పడి పరుగెత్తాను. మాసయ్య వచ్చి నా రెక్క పట్టుకున్నాడు. “ఏందే? ఏమైందే నీకు?”

ఏమని చెప్పను? నా చేతితో తినిపించి, నేనే ఎక్కించాను. లారీ మలుపు తిరిగిపోయింది. గట్టువైపు చూశాను. పొద్దునదాకా పచ్చగా ఉన్న తీగ మొదలంటా ఎండిపోయింది. అత్త అక్కడ లేదు.