బ్రేకు పట్టినప్పుడల్లా టక్

నేను ఒక మోటారు సైకిలును. గొప్పకు చెప్పుకోవడం లేదు. నర్సంపేట మార్కెట్ రోడ్డులో నన్ను బండి అనేవాళ్ళు తగ్గిపోయి, "అగో, టక్కు వస్తుంది" అనేవాళ్ళు ఎక్కువైన రోజుల్లో, నా జాతి ఏమిటో నాకు నేనే గుర్తు చేసుకోవలసి వచ్చింది.

పుట్టింది ఎక్కడో దూరపు ఫ్యాక్టరీలో. ఒకే రోజు, ఒకే వరుసలో, ఒకే రంగుతో నాతో పాటు పుట్టినవాళ్ళు ఎందరో చెప్పలేను. సాయంత్రానికల్లా లారీల్లోకి ఎక్కించి తలా ఒక ఊరికి పంపారు. ఎవరు ఎటు పోయారో ఈ రోజుకీ తెలియదు. ఇప్పటికీ నా పోలికలున్న బండి పక్కన ఆగితే అటు తిరిగి చూడాలనిపిస్తుంది. హ్యాండిలు మాత్రం ఎక్కినవాళ్ళ చేతిలో ఉంటుంది.

నన్ను మొదట కొన్నది విత్తనాల దుకాణం కమలాకర్. పొద్దున్నే తన మొహం కడుక్కోకముందు నా ట్యాంకు తుడిచేవాడు. ఎవరైనా నా సీటు మీద చెయ్యి పెడితే తన భుజం మీద పెట్టినట్టు ఉలిక్కిపడేవాడు. పదేళ్ళు అలా చూసుకున్నాడు. తరువాత కారు కొన్నాడు. వారం తిరక్కముందే నా హ్యాండిలు మీద తడి తువ్వాళ్ళు ఆరేశాడు. మనుషుల ప్రేమ నిజమైనదే, కాకపోతే చక్రాల మీద ఉంటుంది, ఎటైనా కదులుతుంది.

ఆ తువ్వాళ్ళ కింద నుంచి నన్ను బయటకు లాగినది రజిత. ఆమెకు కరెంటు శాఖలో లైన్‌మన్ ఉద్యోగం వచ్చింది. ఆడవాళ్ళకు వచ్చినా ఆ ఉద్యోగం పేరు అదే. స్తంభం ఎక్కే పరీక్షలో మగపిల్లలు సగంలో దిగిపోతే ఈమె పైదాకా ఎక్కి కిందికి చూసి నవ్విందని ఊళ్ళో చెప్పుకునేవారు. పని గూడూరు సబ్‌స్టేషన్‌లో. ఎనిమిదింటికల్లా అక్కడ ఉండాలి. పొద్దుటి బస్సు తొమ్మిదింటికి గాని అక్కడికి చేరదు. అందుకని నేను.

ఇంట్లో ఆమె కాక ఉన్నది తల్లి కొమురవ్వ ఒక్కతే. కొమురవ్వ బడికి పోలేదు. బస్సు బోర్డులు చూసి అక్షరాలు నేర్చుకుంది. భర్త బతుకుదెరువుకు భీవండి పోయిన బస్సు, పెద్ద కూతురు కాపురానికి సూరత్ పోయిన బస్సు, తమ్ముడు ఆసుపత్రికి పోయిన బస్సు. ఒక్కో బోర్డు కూడబలుక్కుంటూ చదివేసరికి బస్సు కదిలిపోయేది. భర్త, తమ్ముడు మళ్ళీ రాలేదు. అందుకే ఆమె చదువుతుంటే చూపుడు వేలు ప్రతి అక్షరం కిందా ఒక్క క్షణం ఎక్కువ ఆగుతుంది, పోనివ్వడానికి మనసొప్పనట్టు. నేను ఇంటికి వచ్చిన రోజు నా నంబరు ప్లేటును కూడా అలాగే రెండుసార్లు చదివింది.

కొబ్బరికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు, పసుపు పూశారు. అంతా అయ్యాక రజిత లోపలికి వెళ్ళగానే కొమురవ్వ ఒక్కతే నా దగ్గరకు వచ్చింది. కొంగులోంచి ఎర్రగుడ్డలో చుట్టిన బొటనవేలంత ఇనుప ముక్క తీసింది. రజిత పుట్టినప్పుడు పురిటి మంచంలో దిండు కింద పెట్టింది అదే. ఇనుము ఉన్నచోటికి చెడు రాదని ఆమె నమ్మకం. మీటరుకూ హెడ్‌లైటుకూ మధ్యనున్న సందులోంచి దాన్ని లోపలికి జారవిడిచి, "మా పిల్లను పదిలంగ తోల్కరా" అని నా చెవిలో అన్నట్టు అంది. నాకు చెవులెక్కడ ఉన్నాయో ఆమె ఎలా అనుకుందో తెలియదు గాని, అద్దం దగ్గర చెప్పింది.

రెండు వానలు పడ్డాయి. లోపల గుడ్డ నాని, విడిపోయింది. ఆ రోజు నుంచి రజిత ముందు బ్రేకు పట్టినప్పుడల్లా నేను ముందుకు వంగుతాను, ఇనుప ముక్క ముందుకు జారి లైటు డొప్పకు కొట్టుకుంటుంది. టక్. వదిలితే వెనక్కి జారుతుంది. మళ్ళీ పడితే మళ్ళీ టక్. సంగతి మొత్తం నాకు తెలుసు. చెప్పడానికి నోరు లేదు. ఉన్న నోరల్లా ఆ టక్కే, దాన్ని వాళ్ళు ఇంకోలా అర్థం చేసుకున్నారు.

మొదట బెదిరింది కొమురవ్వే. వెనక సీట్లో కూర్చుని సంతకు వచ్చిన రోజు, మూల మలుపులో ఆ చప్పుడు విని కూతురు నడుము గట్టిగా పట్టుకుంది.

"ఏందే గా సప్పుడు?"

"బ్రేకే అమ్మా."

"బ్రేకు మొత్తుకుంటుందంటే ఆగనని చెప్తున్నట్టే గద. ఇంత పాతదాని మీద నువ్వు రోజు గూడూరు పోతవా? వద్దు బిడ్డా. పాత సామానోనికిచ్చేయ్."

"ఇచ్చేస్త. ఇచ్చి గూడూరుల రూం తీస్కుంట. నెలకోపాలి వస్త. ఖుషేనా?"

కొమురవ్వ సంత సంచి ఒళ్ళోకి లాక్కుంది. నేను బాగుంటే కూతురు నా మీద పోవాలి. బాగుండకపోతే ఇల్లు విడిచే పోవాలి. పొద్దున పోయి సాయంత్రం వచ్చే భయం ఒకవైపు, పోయి రాని భయం ఒకవైపు. నేను నిలబడ్డ చోటే ఆమె రెండు భయాలూ నిలబడ్డాయి. సోమవారం చేరాలి. ఆ రోజు గురువారం.

రజిత నన్ను అటునుంచే యాకూబ్ మెకానిక్ దగ్గరకు తోలింది. అతను తొందరపడే మనిషి కాదు. నన్ను చూడగానే స్పానరు తియ్యలేదు. ముందు బ్రేకు గట్టిగా పట్టి, నన్ను ముందుకూ వెనక్కూ ఊపాడు. టక్, టక్.

"ప్యాడ్లు ఊగుతున్నయేమో" అని డిస్కు దగ్గర విప్పాడు. విప్పి, ప్యాడ్లు చేతిలోకి తీసుకుని రజితకు చూపించాడు. ఒకవైపు ప్యాడు అరిగి అరిగి ఇనుప పలక బయటపడింది.

"ఇగో బిడ్డా. ఇంక పది రోజులైతే ఇది డిస్కును తినేది. సమయానికి తెచ్చినవ్."

కొత్తవి వేశాడు. రోడ్డు మీద తోలి చూశాడు. బ్రేకు పట్టగానే అత్తారింటి గడప ముందు కొత్త పెళ్ళికొడుకులా ఠక్కున ఆగాను. చప్పుడు మాత్రం ఉన్నచోటే ఉంది.

శుక్రవారం ముందు చక్రం గాలిలోకి లేపి, ఫోర్కు పట్టి లాగి చూసి, హ్యాండిలు కింద బేరింగు వదులుగా ఉందని బిగించాడు. కాస్త వదులుగా ఉన్నమాట నిజమే. చప్పుడుకు దానితో సంబంధం లేదు. పక్కన చాయ్ దుకాణం సమ్మయ్య గ్లాసు అందిస్తూ, "యాకూబ్ భాయ్, ఒక్కొక్కటి ఇప్పుకుంట పోతే ఆఖరికి సప్పుడొక్కటే మిగుల్తది. దాన్నే ఇంటికి తోల్కపొమ్మను" అన్నాడు.

"నువ్వు చాయ్‌ల చక్కెర ఎయ్యి ముందుగాల" అన్నాడు యాకూబ్.

శనివారం మధ్యాహ్నానికి అతని మొహం మారింది. "బిడ్డా, నాకైతే ఛాసిస్ మీద అనుమానం వస్తుంది. లోపల ఏడన్న చీలిందేమో. వరంగల్ పంపాలె. పది రోజులు పట్టొచ్చు" అన్నాడు. రజిత తల ఊపి, కాస్త పక్కకు వెళ్ళి గూడూరులో ఎవరికో ఫోను చేసింది. "ఒక్కదాన్నే అండి. చిన్న రూమైనా సరే. రేపొచ్చి సూస్త."

కూతురికి అన్నం గిన్నె తెచ్చిన కొమురవ్వ ఆ మాట విన్నది. గిన్నె బల్ల మీద పెట్టి, మూత ఒకసారి తీసి, మళ్ళీ పెట్టింది.

యాకూబ్‌కు నన్ను వదలడం ఇష్టం లేదు. తనను ఓడించిన బండిని ఇంకో ఊరికి పంపడం అతనికి చిన్నతనం. పొడుగాటి స్క్రూడ్రైవరు తెచ్చి, దాని పిడి చెవికి ఆనించుకుని, మొన నా ఒంటి మీద ఒక్కో చోట పెట్టాడు. డాక్టరు గొట్టం పెట్టి వినే తీరు. రజితను బ్రేకు పట్టి ఊపమన్నాడు. డిస్కు దగ్గర విన్నాడు, చిన్న చప్పుడు. ఫోర్కు మీద విన్నాడు, కొంచెం పెద్దది. హ్యాండిలు కింద విన్నాడు, ఇంకా పెద్దది. మొన లైటు డొప్పకు ఆనించగానే చెవి వెనక్కి లాక్కున్నాడు.

"అరె. బ్రేకు కాదు, బేరింగు కాదు. ఈ తలకాయల ఏదో ఉన్నది. బండి తెచ్చినంక ఎవలన్న దీన్ని ఇప్పిన్రా?"

"లేదు కాకా" అంది రజిత.

కొమురవ్వ చెయ్యి నోటి మీదికి పోయింది. నా ఎదురుగా నిలబడి నా లైటు వైపే చూసింది. రక్షకు పెట్టినది బయటికి చెప్తే దాని బలం పోతుందని ఆమెకు వాళ్ళమ్మ చెప్పింది. నలభై ఏళ్ళుగా ఏ రక్ష సంగతీ ఆమె నోరు దాటలేదు. ఇప్పుడు చెప్తే కూతురు కావలి లేకుండా రోడ్డెక్కుతుంది. చెప్పకపోతే గూడూరులో రూము.

"తమ్మీ" అంది చివరికి, చాలా మెల్లగా. "దాంట్ల ఇనుము ఉన్నది. నేనే పెట్టిన."

యాకూబ్ రెండు స్క్రూలు తీసి లైటు పక్కకు వంచాడు. ఇనుప ముక్క అతని అరచేతిలో పడింది. దాని వెంట దారపు పోగులు మాత్రమే మిగిలిన ఎర్రగుడ్డ. లైటు బిగించి రజితను ఊపమన్నాడు. ఊపింది. ఇంకోసారి ఊపింది. నేను మూడు వారాల తరువాత నోరు మూసుకున్నాను.

ముందు నవ్వింది సమ్మయ్య. తరువాత రజిత, నవ్వో కోపమో తెలియకుండా.

"ఏందమ్మా ఇది. నన్ను కాపాడనీకె పెట్టినవా, నా నౌకరి తియ్యనీకె పెట్టినవా?"

"మూడు రోజులు నా పానం తీసినవ్ గదక్కా" అన్నాడు యాకూబ్. "గింత ఇనుప ముక్కకు బండినంత ఇప్పిన."

కొమురవ్వ తల వంచుకునే ఉంది. కాని మాట వంచలేదు. "ఇప్పకపోతే ప్యాడు అరిగింది ఎట్ల తెలుస్తుండె తమ్మీ? ఇనుము మొత్తుకుంటేనే గద నువ్వు బ్రేకు సూసింది."

యాకూబ్ బల్ల కింద పడేసిన పాత ప్యాడు తీసి ఇంకోసారి చూశాడు. ఇనుము కాపాడదని నాకు తెలుసు. అది లేకపోతే ఆ వచ్చే వారమో, ఆపై వారమో ఏ మలుపులో ఏమయ్యేదో కూడా తెలుసు. ముక్కను ఆమె చేతిలో పెట్టి, "ఇది దిండు కిందనే మంచిగుంటది అక్కా" అన్నాడతను. రజిత మళ్ళీ ఫోను తీసి, రూము వద్దని చెప్పింది.

సోమవారం ఆరున్నరకు రజిత నన్ను బయటకు తీసేసరికి కొమురవ్వ చెప్పులేసుకుని వాకిట్లో తయారుగా ఉంది.

"వాగు దాక నేను గూడ వస్త."

"వాగు దాక ఎందుకే?"

"సప్పుడు ఇన్నదాన్ని. సప్పుడు లేనిది గూడ ఇనాలె గద."

వాగు మీది వంతెనకు ముందు దిగుడు ఉంది. అక్కడ రజిత ముందు బ్రేకు పట్టింది. టైరు కింద కంకర నలిగిన చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఇంకోపాలి పట్టు."

పట్టింది. ఏమీ లేదు. వెనక సీటు మీద ఆమె బరువు కాస్త తేలికపడినట్టు నాకు అనిపించింది. వంతెన దగ్గర దిగి, కూతురి హెల్మెట్ పట్టీ సరిగ్గా ఉందో లేదో వేలు పెట్టి చూసింది. "స్తంభం మీదికెల్లి కిందికి సూసి నవ్వకు. పని సూస్కో" అంది. రజిత ఇంజను ఆపకుండా తల్లి మొహం చూస్తూ ఉంది. ఎప్పటిలా రోడ్డు మీద నిలబడి, తను కనిపించనంత దూరం పోయేదాకా చూస్తుందని ఆమె అనుకున్నట్టుంది. నేనూ అదే అనుకున్నాను.

"నేను పోయొస్త బిడ్డా" అంది కొమురవ్వ.

అని, కొంగు నడుముకు దోపుకుని, ఇంటి దారి పట్టింది. వెనక్కి తిరగలేదు. చిన్న చిన్న అడుగులు, కాని ఆగలేదు. జన్మలో మొదటిసారి ఆమె వీడ్కోలు చెప్పి ముందు వెళ్ళింది, నిలబడి చూసే వంతు ఇంకొకరికి వచ్చింది. తల్లి మూల తిరిగేదాకా రజిత గేరు వెయ్యలేదు.

తరువాత వేసింది.