కాగితం మీది జీతం

"నీ ఉద్యోగం ఊడిందోయ్" అన్నాడు భర్త, సెలవు రోజు మధ్యాహ్నం పళ్లెం ముందు కూర్చుంటూ.

స్టవ్వు తుడుస్తున్న ఆమె గుడ్డ చేత్తో పట్టుకునే వెనక్కి తిరిగింది. అత్తగారు ముద్ద నోటి దాకా తెచ్చి ఆపి, "అమ్మాయికి ఉద్యోగమేమిట్రా?" అని అడిగింది. "ఉందమ్మా, పదేళ్ల నుంచీ ఉంది. నీకే తెలీదు" అని కొడుకు నవ్వాడు. కొడుకు నవ్వాడు కాబట్టి తల్లీ నవ్వింది.

సంగతేమిటంటే, వ్యాపారాలు చతికిలబడ్డాయనీ, జనం చేతుల్లో డబ్బు ఆడడం లేదనీ ప్రభుత్వం ఆ నెల నుంచి రెండేళ్లపాటు ఆదాయపు పన్ను ఆపేసింది. పొద్దున్నే ఆడిటరు ఫోన్ చేసి, ఇక మేడమ్ గారి పేరున జీతం చూపించనక్కర్లేదు, ఆ బాదరబందీ వదిలిపోయిందని భర్త చెవిన వేశాడు. పదేళ్ల కిందట ఆ ఉపాయం చెప్పినవాడూ ఆయనే. భర్త నడిపే టైల్స్ కొట్టు లాభమంతా ఒక్క మనిషి పేరున కనిపిస్తే పన్ను వాచిపోతుంది. భార్యను మేనేజరని రాసి జీతం చూపిస్తే లాభం తగ్గుతుంది, ఆమె జీతమా, పన్ను పడే హద్దు దాటదు. ఒక్క దెబ్బకు రెండు పిట్టలు. ఇందులో అబద్ధం ఎక్కడుందో చెప్పడం కాస్త కష్టం. ఆమె కొట్లో పనిచేసే మాట నిజం. జీతం మాత్రమే అబద్ధం.

పొద్దున ఇంటి చాకిరీ అయ్యాక మధ్యాహ్నం ఆమె కొట్టుకు క్యారేజీ పట్టుకెళ్లేది. భర్త తిని, వెనక గదిలో నడుం వాల్చేవాడు. ఆ వాల్చడం దీపాలు పెట్టే వేళ దాకా సాగేది. అంతసేపూ కొట్టు ఆమెదే. వచ్చినవాళ్లకు టైల్స్ తీసి చూపించడం, గది కొలతలు విని ఎన్ని పెట్టెలు పడతాయో చెప్పడం, కోతల్లో పోయేవాటికి ఓ పెట్టె అదనంగా తీసుకోమనడం, పెట్టెల మీద బ్యాచి నంబర్లు కలిశాయో లేదో చూసుకుని మరీ బండెక్కించడం. ఒకే రంగయినా వేరే బ్యాచిదైతే ఛాయ మారుతుంది. పరిచాక హాలు సగం తెలుపు, సగం పాలిపోయిన తెలుపు. ఆ పని ఆమెకు ఇష్టం, దాచుకోవడమెందుకు. ఇంట్లో ఎంత తుడిచినా మర్నాటికి మళ్లీ అదే దుమ్ము. కొట్లో మాత్రం ఆమె ఎంచిన నేల మీద ఎవరో ఏళ్ల తరబడి నడుస్తారు. సామాను దించే మనుషులు ఆమెను మేనేజరమ్మా అని పిలిచేవారు. భర్తా అలాగే పిలిచేవాడు గానీ, వాళ్లు మర్యాదకు, ఆయన వేళాకోళానికి.

జీతం ఆమె పేరున బ్యాంకులో పడేది. ముందుగానే సంతకాలు పెట్టించుకున్న చెక్కులతో భర్త తీసేసేవాడు. ఒకసారి చెప్పులు తెగితే ఆమె, "నా జీతంలోంచి ఇవ్వండి, కొనుక్కుంటాను" అంది. మామూలుగా అడిగి ఉంటే చెప్పులొచ్చేవి, అక్కడితో అయిపోయేది. ఆ ఒక్క మాట అన్నందుకు భర్త పొట్ట పట్టుకుని నవ్వాడు, కొట్టుకొచ్చినవాళ్లకు చెప్పాడు, ఆడిటరుకు ఫోన్ చేసి మరీ చెప్పాడు. తర్వాత చెప్పులూ కొనిపెట్టాడు, మంచివే. అవి అరిగిపోయాయి గానీ ఆ నవ్వు అరగలేదు.

అందుకని ఆ మధ్యాహ్నం ఉద్యోగం ఊడిందన్న మాటకు ఆమె నవ్వలేదు. కాగితం మీదైనా ఉన్నాననుకునే మనిషి, కాగితం మీంచి తీసేస్తే ఎక్కడుంటుంది? కొట్లో పని అలాగే ఉంటుంది, క్యారేజీ అలాగే ఉంటుంది, బ్యాచి నంబర్లూ ఉంటాయి. పోయేది ఆమె ఒక్కతే. తనకు బాధగా ఉందని ఆమెకు స్పష్టంగానే తెలిసింది, ఉండీ లేని వస్తువు పోతే ఇంత బాధేమిటని కాస్త ఆశ్చర్యం కూడా వేసింది. గిన్నెలు కడిగి, చేతులు తుడుచుకుని వచ్చి భర్తనే అడిగింది.

"పన్ను లేదు కదా, ఆ మిగిలినదాంట్లోంచి నా జీతం ఇకనుంచి నిజంగా ఇవ్వండి."

"ఇంటి మనిషికి జీతమేమిటి? పన్ను ఉన్నప్పుడంటే అవసరం. ఇప్పుడు నీకెందుకు?" అన్నాడు ఆయన, పేపరు తిప్పుతూ.

కోపంగా అనలేదు. అత్తగారు మాత్రం, ఇంటి కోడళ్లకు జీతాలు కట్టడం మొదలుపెడితే రేపు తనకూ కట్టాల్సి వస్తుందని నవ్వింది. అలా కడితే ఆవిడకు బోలెడు బకాయి తేలుతుందని కోడలికి అనిపించింది కానీ, పైకి అనలేదు.

పన్ను ఆగితే దేశం బాగుపడుతుందని భర్త గట్టి నమ్మకం. చేతిలో నాలుగు డబ్బులు మిగిలితే మనిషి ఖర్చు పెడతాడు, ఖర్చు పెడితే కొట్లు ఆడతాయి, కొట్లు ఆడితే పనులొస్తాయి అని వచ్చినవాళ్లందరికీ వివరించేవాడు. వచ్చినవాళ్లూ అవునవునని తలూపేవారు, టైల్స్ మాత్రం కొనేవారు కాదు. తన చేతిలో మిగిలినదాన్ని ఆయనా ఖర్చు పెట్టలేదు. రోజులెలా ఉంటాయో ఏమోనని బ్యాంకులో కదలకుండా వేశాడు. కొట్టుకు రంగు వేయిద్దామంటే వద్దన్నాడు, సామాను దించే మనుషుల్లో ఒకణ్ణి మానిపించాడు. ఎదుటివాడు ఖర్చు పెడతాడని ప్రతివాడూ కాచుక్కూర్చున్నాడు. ఆయన లెక్క పూర్తిగా తప్పని కూడా అనలేం. పెద్ద జీతాలవాళ్లకు పెద్ద మొత్తాలే మిగిలాయి, వాళ్లు ఇళ్లు బాగుచేయించుకుంటున్నారు. కాకపోతే వాళ్లు ఆయన కొట్టుకు రారు. కొట్టున్న వీధి చివర కొత్తగా తెరిచిన అద్దాల షోరూముకు వెళతారు. అక్కడ మనుషులు చాలడం లేదని తలుపు మీద ప్రకటన వేలాడుతోంది. ఆమె రోజూ క్యారేజీ పట్టుకుని దాని ముందు నుంచే నడిచేది.

ఒకరోజు ఆగి లోపలికి వెళ్లింది. షోరూము యజమానురాలు కళ్లజోడు సర్దుకుని, ఎక్కడైనా పనిచేశారా అని అడిగింది. చేశానంది. ఏ హోదాలో అంటే మేనేజరుగా అంది. జీతం తీసుకున్నట్టు ఏదైనా రుజువుందా అని ఆవిడ అడిగేసరికి ఆమెకు ఒక్క క్షణం నవ్వొచ్చింది. ఉందంది, రేపు తెస్తానంది.

మర్నాడు పొద్దున వెళితే ఆడిటరు ఆమెను కూర్చోమని మర్యాద చేశాడు. తన పేరున దాఖలు చేసిన జీతం కాగితాల నకళ్లు కావాలంటే, పదేళ్లవీ తీయించి, ముద్ర వేసి ఇచ్చాడు. బ్యాంకు అప్పు కోసమనుకున్నాడు పాపం. "మీ కాగితాలు అద్దంలా ఉంటాయమ్మా, ఎవరూ వేలెత్తి చూపలేరు" అని తన పనితనాన్ని తానే మెచ్చుకున్నాడు. యజమానురాలు వాటిని అటూ ఇటూ తిరగేసింది. ముద్రలు చూసింది, జీతం చూసింది. ఇంత అనుభవం ఉన్న మనిషిని అంతకు తక్కువకు రమ్మనడం భావ్యం కాదని తనే అంది. ఒకటో తారీఖున రమ్మంది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆ మాట చెప్పింది. క్యారేజీ ఇక పొద్దున్నే కట్టిస్తాననీ, వెళ్లేటప్పుడే పట్టుకెళ్లమనీ కూడా చెప్పింది. అత్తగారు, "మరి కొట్లో ఎవరు కూర్చుంటారే?" అంది. ఆ ప్రశ్న ఆ ఇంట్లో పుట్టడం అదే మొదటిసారి. భర్త ముందు వేళాకోళమనుకున్నాడు, తర్వాత మొహం చూసి కాదనుకున్నాడు. ఆడవాళ్లకు షోరూముల్లో ఏమిస్తారో తనకు తెలుసన్నాడు, ఆ డబ్బు ఆటో ఛార్జీలకు సరిపోతే గొప్పన్నాడు. షోరూము ఆటో అవసరం లేనంత దగ్గరని ఆమె గుర్తుచేసింది.

"అయితే ఎంతిస్తామన్నారేమిటి?" అన్నాడు వెటకారంగా.

"నాకిస్తున్నానని పదేళ్లుగా మీరు రాస్తున్నంత" అంది ఆమె. "వాళ్లకు మీ కాగితాలే చూపించాను. అది ఉత్తుత్తి జీతమైతే, మీరే వెళ్లి వాళ్లకు చెప్పి రండి."