ఎడమ మడమ

సినిమావాళ్లు అతని భార్య నవ్వును కోసి పారేశారు. ఇందులో వాదనకు తావు లేదు.

ఆమె తెర మీది మనిషి కాదు. సినిమాలో సైనికుల బూట్లు అతను కుట్టేవాడు, అంగీలు ఆమె కుట్టేది. ఓ రోజు జనం తక్కువైతే ఆమె చేతికి కుండ ఇచ్చి, యుద్ధానికి వెళ్లే రాకుమారుణ్ణి చూసి నవ్వమన్నారు. నవ్వింది. సినిమా పూర్తికాకముందే జ్వరమొచ్చి పోయింది. ఇంట్లో ఉన్న ఒక్క ఫొటోలోనూ మూతి బిగించుకుని ఉంటుంది. అందుకే అతను ఆ నవ్వు మీదే ప్రాణాలు పెట్టుకుని సినిమా వచ్చేదాకా ఎదురుచూశాడు.

లోకమంతా మెచ్చిన ఆ సినిమాలో నవ్వు లేదు. మర్నాడు ఎడిటర్ గదికి వెళ్లాడు.

“మనం సినిమాగా తీసిన నవల్లో అక్కడ నవ్వే మనిషి లేదు మామా. పాతకాలం నుంచీ చదువుతున్న పుస్తకం. గీత దాటితే పాఠకులు మమ్మల్ని పీక్కుతింటారు” అన్నాడు ఎడిటర్.

“నా బూట్లున్నాయా నవల్లో?”

“ఉంటే నీ పేరు ముందు వేసేవాళ్లం.”

అతను నవ్వలేదు. జన్మలో ఎవరినీ బతిమాలని మనిషి చేతులు జోడించాడు. “ఆ ముక్క ఇచ్చెయ్యి బాబూ. నీ కాళ్లు పట్టుకుంటా.”

“చెరిపేశారు మామా.” ఎడిటర్ తల దించుకున్నాడు. “అత్త ఇంకోచోట ఉందిలే. ఆరోజే పడుకోబెట్టి కూడా తీశారు. చూడు.”

తెర మీద యుద్ధం ముగిసిన మైదానం. కొండ దాకా శవాలు. కొందరినే తీసి, కంప్యూటర్లో వేలమందిని చేశారట. ముఖాలు మార్చారు, బట్టల రంగులు మార్చారు. చెప్పులు మార్చాలని ఎవరికీ గుర్తురాలేదు. ఆమెకు ఎడమకాలు కురచ. ఆ చెప్పు మడమకు ఓ తోలుపొర ఎక్కువ వేసి అతనే కుట్టేవాడు.

ఎడిటర్ ఒక శవాన్ని చూపించాడు. అతనికి కొండ దాకా అదే మడమ కనబడింది.

“ఎక్కడైనా లేస్తుందా?”

“శవాలు కదా మామా.”

“ఒక్కచోటైనా?”

ఎడిటర్ తెర ఆర్పేశాడు.

ఇంటి గుమ్మంలో కూతురు ఎదురొచ్చింది. “అమ్మ కనిపించిందా నాన్నా?”

అతను గోడవార ఉన్న ఆ చెప్పుల జత తీసి, పెట్టె అడుగున పెట్టి మూత వేశాడు.

“ఆ సినిమా మాట నేనెత్తను. నా ముందు నువ్వూ ఎత్తకు” అన్నాడు.