అటక ఎక్కని ఇంజనీరు

బెంగళూరులో పద్నాలుగేళ్లు అపార్ట్‌మెంట్లు కట్టే సైట్లలో సూపర్‌వైజరుగా తిరిగి, నలభై రెండో ఏట ప్రొద్దుటూరు వచ్చిపడ్డాను. కట్టడంలో జరిగే తప్పులన్నీ దగ్గరుండి చూసినవాణ్ణి, కొన్ని స్వయంగా చేయించినవాణ్ణి కాబట్టి వాటిని కనిపెట్టే పని నాకంటే బాగా ఎవరు చేస్తారు అనుకున్నాను. మైదుకూరు రోడ్డులో ఒక గది అద్దెకు తీసుకుని బోర్డు పెట్టాను. ‘ఇల్లు కొనే ముందు మాకు చూపించండి. లోపాలు రాసి ఇస్తాం.’ కింద నా పేరు నరేష్, ఆ కింద నా డిప్లొమా.

మొదటి రెండు నెలలూ వచ్చినవాళ్లందరూ వంటిల్లు ఆగ్నేయంలో ఉందో లేదో చూడమన్నారు. నేను వాస్తు చూడనంటే, నాడి చూడనని చెప్పిన డాక్టర్ని చూసినట్టు చూసి వెళ్లిపోయారు. మా ఆవిడ స్వర్ణలత గవర్నమెంటు హైస్కూల్లో లెక్కల టీచరు. ‘‘వాస్తు కూడా చూస్తామని ఒక లైను రాసుకుంటే పోయేది గదా’’ అంది. నేను శాస్త్రీయ దృక్పథం గురించి ఒక ఉపన్యాసం ఇచ్చాను. ఆమె పేపర్లు దిద్దుకుంటూ విన్నది. విన్నదనే అనుకుంటున్నాను.

ఉపన్యాసానికి తగ్గట్టుగా నాలుగు మిషన్లు కొన్నాను. గోడలో చెమ్మ ఎంతుందో చెప్పేదొకటి, నేల వాలు చూపే లేజరు ఒకటి, పగుళ్ల వెడల్పు కొలిచేదొకటి, వేడిని రంగుల్లో చూపే కెమెరా ఒకటి. నాలుగో దాని వాడకం నాకు ఇప్పటికీ పూర్తిగా రాదు. కానీ దాన్ని గోడకేసి పట్టుకుని కనుబొమలు ముడిస్తే చూసేవాళ్లు పక్కకు తప్పుకునేవారు.

మూడో నెల, మే మొదట్లో, ఇనాయతుల్లా వచ్చాడు. కువైట్‌లో పంతొమ్మిదేళ్లు ఒక సేటు దగ్గర కారు డ్రైవరుగా చేసి వచ్చేసిన మనిషి. ప్రొద్దుటూరులో అద్దెకుంటున్నాడు. జమ్మలమడుగులో ఒక ఇల్లు నచ్చిందట. అమ్మే ఆమె పేరు పెంచలమ్మ. పులివెందులలో చెల్లెలికి చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉంది, అందులో తానూ భాగం తీసుకుని అక్కడికే పోవాలని అమ్ముతోంది.

‘‘ఇల్లు చూస్తే బాగానే ఉంది నరేష్ భాయ్. నాకు బండి గురించి అడుగు, చెప్తా. ఇంటి గురించి తెలీదు. మేం ఉండేదానికి పనికొస్తాదా లేదా నువ్వు చూసి చెప్పల్ల’’ అన్నాడు.

మరుసటి రోజే వెళ్లాను. పెంచలమ్మకు అరవై దాటి ఉంటాయి. పొట్టిగా, గట్టిగా ఉంది. ముందుగా మజ్జిగ ఇచ్చింది. ‘‘ఏమన్నా అడగల్లంటే అడుగు నాయనా. ఈ ఇల్లు నేను ఎండలో నిలబడి కట్టించుకున్నా’’ అంది.

‘‘అవసరం లేదు పెద్దమ్మా. అన్నీ మిషన్లే చెప్తాయి’’ అన్నాను. ఈ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ ఒంటరిగా ఉన్నా తల దించుకుంటాను.

మూడు గంటలు తిరిగాను. పడమటి గది కిటికీ మూల నుంచి గోడమీద ఏటవాలుగా ఒక పగులు పైకి పోయి, గోడకు వేలాడుతున్న క్యాలెండరు వెనక్కి దూరింది. కొలిస్తే నాలుగు మిల్లీమీటర్లు. నా గుండె ఆనందంతో కొట్టుకుంది. ఇంత పెద్ద లోపం దొరకడం నాకు అదే మొదటిసారి. పదకొండు ఫొటోలు తీశాను గానీ క్యాలెండరు పక్కకు జరిపి చూడాలని తోచలేదు. మిద్దె మీదికెళ్లి నీళ్ల ట్యాంకు అడుగున ఉప్పు పేరుకున్న తెల్ల మరకలు చూసి ‘చిన్న లోపం’ అని రాసుకున్నాను. చివరికి వంటింట్లోకి వచ్చాను. అక్కడ అటక, దానికి చెక్క తలుపులు, పక్కనే గోడకు ఆనించి వెదురు నిచ్చెన. నా బరువు తొంభై నాలుగు కిలోలు. నిచ్చెన వైపు ఒకసారి చూశాను. నోట్సులో ‘అటక: పరిశీలనకు వీలు పడలేదు’ అని రాసి పుస్తకం మూశాను.

రిపోర్టు ఇంగ్లీషులో నలభై ఆరు పేజీలు వచ్చింది. లోపాలు అరవై ఒకటి. స్విచ్చు బోర్డు మూత వదులుగా ఉండటానికీ ఎర్ర గుర్తే, గోడ పగులుకీ ఎర్ర గుర్తే. మొదటి పేజీలో పగులు ఫొటో నిండుగా వేసి, కింద నిర్మాణ భద్రతకు ముప్పు ఉండవచ్చు అని రాశాను. ‘ఉండవచ్చు’ అన్న మాట నన్ను కాపాడుతుందనుకున్నాను. ఇనాయతుల్లా ఆ ఒక్క పేజీ చూసి, పెంచలమ్మకు ఫోన్ చేసి ‘‘వద్దులేమ్మా’’ అన్నాడు.

నాలుగు రోజులకు నాకు ఫోను వచ్చింది.

‘‘నరేషా? పెంచలమ్మను మాట్లాడతాండా. మా ఇంటి మీద ఏందో రాసిచ్చినావంట. అది తీసుకోని రా. నాకు సదివి చెప్పు.’’

రిపోర్టు నన్ను పెట్టుకున్నవాళ్లకే చెందుతుందని, బయటివాళ్లకు చూపించకూడదని మర్యాదగా చెప్పాను.

‘‘ఇల్లు నాది గదా నాయనా. నా ఇంటికి ఏం రోగమొచ్చిందో నాకే చెప్పవా?’’

ఇనాయతుల్లాను అడిగితే ‘‘చూపించు భాయ్. నాకైతే సగం అర్థం కాలా’’ అన్నాడు. అది పొగడ్త అనుకునే దశలో ఉన్నాను అప్పటికి.

రిపోర్టు పట్టుకుని జమ్మలమడుగు వెళ్లాను. పెంచలమ్మ వసారాలో కూర్చోబెట్టి మొదటి పేజీ నుంచి చదివించుకుంది. నేను చదువుతూ తెలుగులో చెబుతుంటే పగులు దగ్గర ఆపింది. లేచి నన్ను పడమటి గదిలోకి తీసుకుపోయి క్యాలెండరు తీసింది. గోడమీద పగులు కొస పక్కన పెన్సిలుతో చిన్న చిన్న గీతలు, ఒక్కో గీత దగ్గర ఒక్కో తేదీ. 2005 మే. 2006 మే. అలా 2009 దాకా. కొస ఆ చివరి గీత దాటలేదు.

‘‘ఈ నేల నల్లరేగడి. ఎండాకాలం నెర్రెలిడుస్తాది, గోడా అట్లే ఇడుస్తాది. కార్తీకానికంతా మళ్ళ మూసుకుంటాది. బేల్దారి మున్వర్ అప్పుడే చెప్పినాడు, కొస కాడ గీత గీసి తేదీ ఎయ్యమ్మా, గీత దాటితే నాకు కబురు చెయ్యి అని. ఆ చివరి గీత గీసి పదైదేండ్లకు పైనాయ. దాటలా. నువ్వు మే నెల్లో వచ్చి చూసి పడిపోతాదని రాసినావు.’’

పడిపోతుందని రాయలేదు, ముప్పు ఉండవచ్చు అని రాశానన్నాను. ఆమె ఆ తేడాను పట్టించుకోలేదు. బేల్దారి మున్వర్, అంటే ఆ ఇల్లు కట్టిన తాపీమేస్త్రీ, ఏ మిషనూ లేకుండా పదహారు అణాల సలహా ఇచ్చిపోయాడు. పగులు ఒక్కరోజు చూస్తే అది ఎంత ఉందో తెలుస్తుంది, పెరుగుతోందో లేదో తెలియదు. ఇది నాకు డిప్లొమా రెండో ఏడాదిలోనే చెప్పారు. ఆ రోజు నేను క్లాసులో ఉన్నాను కూడా.

మళ్లీ వసారాలోకి వచ్చాం. ఒక్కో లోపానికీ ఆమె దగ్గర ఒక్కో వాక్యం ఉంది. అవును. కాదు. అది వాన జల్లు. ఆ తలుపు మా ఆయన కోపంలో వేస్తే ఒరిగింది. అలా ముప్పై తొమ్మిదో పేజీకి వచ్చాను.

‘‘అటక... చూసేదానికి వీలు పడలేదు’’ అని చదివాను.

‘‘ఎవురడ్డమొచ్చినారు?’’

‘‘ఎవరూ రాలేదు.’’

‘‘తాళమేసినానా?’’

‘‘లేదు.’’

‘‘మరి?’’

వేరే మాటేదైనా దొరుకుతుందేమోనని కాసేపు వెతికాను. ‘‘నిచ్చెన చూసి భయమేసింది పెద్దమ్మా’’ అన్నాను.

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది. నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. ‘‘దా. నేను పట్టుకుంటా’’ అంది.

ఎక్కాను. మెట్టు మెట్టుకూ నిచ్చెన ఏదో అంటూనే ఉంది. అటక మీద ఇత్తడి గంగాళాలు, పాత బొంతల మూట. టార్చి పైకి కొట్టాను. పైకప్పు గిలాబు, అంటే సిమెంటు పూత, చాటంత మేర ఊడిపోయి, లోపలి కమ్మీలు తుప్పు పట్టి పొరలు పొరలుగా లేస్తున్నాయి. పక్కన తాళంచెవితో తట్టి చూశాను. ఇంకో రెండు చాటల మేర డొల్ల చప్పుడు వచ్చింది. సరిగ్గా దాని మీదే మిద్దె పైన నీళ్ల ట్యాంకు ఉంది. పైన తెల్ల మరకలు చూసినవాడు, దాని కింద ఏ గది ఉందో, ఆ గదిలోకెళ్లి కప్పు ఎలా ఉందో చూడాలి. నేను చేసింది ఇరవై ఏడో నంబరు వేసి ‘చిన్న లోపం’ అని రాసుకోవడం వరకే.

‘‘ఎన్నాళ్లనుంచి ఇట్లుంది?’’ అని పైనుంచే అడిగాను.

‘‘మూడేండ్లాయ. ట్యాంకు కొళాయి కారుతా ఉండె. కొళాయి మార్చినా గానీ అప్పటికే దిగింది నీళ్లు.’’

‘‘మరి నాకు చెప్పలేదేం?’’

‘‘నువ్వు అడుగుతావనుకుంటి. నాలుగు మిషన్లు తెచ్చినావు, అవన్నా చెప్తాయనుకుంటి.’’ నిచ్చెన వదలకుండానే అంది, ‘‘అడిగింటే చెప్పేదాన్నే. అడక్కపోయినా చెప్పేదాన్నా అంటే, నిజం చెప్పల్లంటే నాకే తెలీదు. ఇప్పుడైతే చెప్పినా గదా. పోయి కొనల్లనుకున్న ఆయప్పకు చెప్పు.’’

దిగడానికి పది నిమిషాలు పట్టింది. ఆ వివరాలు వద్దు.

బస్సులో ప్రొద్దుటూరు వస్తూ, ఇనాయతుల్లాకు ఎలా చెప్పాలో నాలుగు రకాలుగా అనుకున్నాను. మొదటి మూడింటిలోనూ తప్పు నాది కాకుండా ఉంది. సాయంత్రం వాళ్లింటికి వెళ్లి నాలుగోది చెప్పాను. భయపెట్టిన పగులుకు భయపడక్కర్లేదు, భయపడాల్సినదాన్ని నేను చూడలేదు, అటక ఎక్కడానికి జంకి వీలు పడలేదని రాశాను అని.

ఇనాయతుల్లా భార్య చాంద్‌బీ వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. రిపోర్టు చేతిలోకి తీసుకుని చివరిదాకా తిరగేసింది.

‘‘మేం ఉండేదానికి పనికొస్తాదా లేదా అని దీంట్లో యాడ రాసినావు అన్నా?’’

‘‘అది రాయలేదక్కా.’’

‘‘అదే గదా మేమడిగింది’’ అంది. కోపంగా కాదు. నిజంగానే ఆమెకు అర్థం కాలేదు.

ఇనాయతుల్లా అందుకున్నాడు. ‘‘కువైట్‌లో బండి సర్వీసుకిస్తే షెడ్డువాడు ఒకే కాగితం ఇచ్చేవాడు భాయ్. ఇది సరిచేసేదాకా బండి తీయొద్దు. ఇది ఆర్నెల్ల లోపల చెయ్యి. ఇది ఊరికే చూసుకుంటా ఉండు. అంతే. మా సేటుకు చదివి చెప్పేది నేనే.’’

అక్కడే కూర్చుని తెలుగులో రాశాను. రాసిన ప్రతి వాక్యం చాంద్‌బీ గట్టిగా చదివింది. ఎక్కడ ఆగితే అక్కడ కొట్టేసి మళ్లీ రాశాను. వంటింటి కప్పు సరిచేసేదాకా ఆ గదిలో ఎవరూ ఉండొద్దు, ట్యాంకు వెంటనే ఖాళీ చేసి దింపాలి. కప్పులో ఎంత బలం మిగిలిందో నేను చెప్పలేను, కడప నుంచి స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించాలి. ఈ ‘చెప్పలేను’ అన్న మాట రాయడానికి చెయ్యి రాలేదు, కానీ రాశాక తేలిగ్గా అనిపించింది. స్విచ్చు బోర్డులు, ఒరిగిన తలుపు వానల్లోపు. పడమటి గది పగులు ప్రతి మే నెలలోనూ, ప్రతి కార్తీకంలోనూ చూసుకోవాలి. అరవై ఒక్క లోపాల్లో కాగితం ఎక్కినవి తొమ్మిది. మిగిలినవి ఏ ఇంట్లోనైనా ఉండేవే. మా ఇంట్లోనూ ఉన్నాయి, స్వర్ణలత వాటి లెక్క నాకు తరచూ చెబుతుంటుంది.

కడప ఇంజనీరు వచ్చి ఇరవై నిమిషాలు చూశాడు. నిచ్చెన గబగబా ఎక్కాడు, నాకు ఆయన మీద కొంచెం అసూయ కలిగింది. కప్పు కింద ఆసరాకు కర్ర పోట్లు పెట్టి, పాడైన గిలాబు కొట్టేసి, కమ్మీలు శుభ్రం చేసి కొత్తవి జత చేస్తే సరిపోతుందన్నాడు. అది విని ఇనాయతుల్లా ఇల్లు కొంటానన్నాడు. ఆ పని అమ్మకానికి ముందే తానే చేయిస్తానంది పెంచలమ్మ. ముసలి మున్వర్ కొడుకుతో వచ్చి దగ్గరుండి చేయించాడు. నేనూ ప్రతిరోజూ వెళ్లాను. ఎవరూ పిలవలేదు, వెళ్లాలనిపించింది. ఆగస్టులో ఇనాయతుల్లా కుటుంబం ఆ ఇంట్లో దిగింది.

తరువాత నెలలో పెంచలమ్మ పులివెందుల నుంచి ఫోన్ చేసింది. చీనీ తోటలో పాత ఇల్లు బాగుచేయించుకుంటోందట, ఒకసారి వచ్చి చూడమంది. ముద్దనూరు మీదుగా వెళ్లాను. ఈసారి చేతిలో టార్చి, తట్టి చూడటానికి చిన్న సుత్తి, ఒక నోట్సు. ముందు ఇంటి చుట్టూ బయట తిరిగాను. తరువాత పైకి, ఆ తరువాతే లోపలికి. చూసే ముందు ప్రతిచోటా అడిగాను. ఏ వానకు ఎక్కడ కారుతుంది, ఏ తలుపు ఏ నెలలో బిగుసుకుంటుంది, బోరు నీళ్ల పైపు గోడలో ఏ వైపునుంచి పోతుంది, ఎప్పుడైనా అతుకులు వేయించారా. అరగంట గడిచింది. పెంచలమ్మ చెల్లెలు ప్రసూన కొంతసేపు ఓపిగ్గా జవాబులిచ్చి, కాఫీ పెడతానని లోపలికి వెళ్లింది.

లోపలి నుంచి మాటలు స్పష్టంగానే వినపడ్డాయి.

‘‘అక్కా, ఈయప్పకు నిజంగా ఏమన్నా తెలుసా? అన్నీ మనల్నే అడుగుతాండాడు.’’

అప్పుడే ఎవరో బోరు మోటారు వేశారు. ఆ మోతలో పెంచలమ్మ ఏం చెప్పిందో నాకు వినపడలేదు. కాఫీ మాత్రం వచ్చింది. తాగేసి, స్నానాలగది వెనక గోడ ఎప్పటినుంచి చెమ్మగా ఉంటోందో ప్రసూననే అడిగాను.